రెండో సాక్షి

ఆ ఊరి పక్షుల పరిషత్తుకు సొంత గూడంటూ లేదు. దర్జీ కొట్టు మీది మేడగది ఒకటి అద్దెకు తీసుకుని, అందులో ఓ పాత బీరువా, కాలు కదలాడే బల్ల, కూర్చుంటే మూలిగే కుర్చీలు వేసుకున్నారు. బీరువా తెరిస్తే కలరా ఉండల వాసన, దాని వెనకాల రాలిన ఈకలూ పగిలిన గుడ్డు పెంకులూ. కింద కుట్టు మిషన్లు గడగడలాడుతుంటే పైన పక్షుల మీద వ్యాసాలు చదివేవారు. ఏ పిట్ట ఏ కాలంలో ఎక్కడ దిగింది, ఏం తిన్నది, ఎటు పోయింది, ఇదీ వాళ్ళ చదువు. ఇంత చేసి మీరు ఊడబొడిచేదేమిటని మొహం మీదే అడిగిన చుట్టాలు అందరి ఇళ్ళల్లోనూ ఉన్నారు. వాళ్ళకున్న ఆస్తల్లా వాళ్ళ పత్రిక మీద నలుగురికీ ఉన్న నమ్మకం. అందులో అచ్చయిందంటే అది జరిగినట్టే.

ఆ నమ్మకానికి కాపలా కాసిన మనిషి టీచరమ్మ. బడిలో సైన్సు చెప్పేది. పరిషత్తులో డాక్టర్లూ లెక్చరర్లూ ఉన్నా, ఆవిడ లేచి నిలబడితే అందరూ ఓసారి సర్దుకుని కూర్చునేవారు. ఆవిడకు గిట్టని మాట ఒకటుంది: ‘అనుకుంటా’. పాలు వచ్చాయా అని అడిగితే ‘వచ్చాయనుకుంటా’ అనేవాళ్ళంటే ఒళ్ళుమంట. తనను అడిగితే లేచి వెళ్ళి, గిన్నె మూత తీసి చూసి, అప్పుడు చెప్పేది. ఆ లోపల అడిగినవాళ్ళు టీ సంగతే మరిచిపోయేవారు. ఇలాంటి మనుషులతో వేగడం కష్టం. కానీ ఇలాంటివాళ్ళు లేని చోట చదువు నిలవడం అంతకన్నా కష్టం.

ఆవిడ భర్తను అందరూ వాచీలాయన అనేవారు. బజారు మొదట్లో అద్దాల గూడంత కొట్టు ఆయనది. పొద్దస్తమానం ఒక కంటికి భూతద్దం తగిలించుకుని, చిమటాతో చక్రాలు పేర్చుకుంటూ కూర్చునేవాడు. మాట తక్కువ. నిజానికి పిట్టల పిచ్చి ముందు పట్టింది ఆయనకే. పెళ్ళయిన కొత్తలో భార్యను సినిమాకు తీసుకెళ్ళాల్సింది పోయి చెరువు గట్టుకు తీసుకెళ్ళాడని ఆయన చెల్లెలు ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది. వాళ్ళకు పిల్లలు కలగలేదు. ఆ దిగులు గురించి ఇద్దరూ మాట్లాడుకునేవారు కాదు కానీ, పిట్టల గురించి మాత్రం అన్నం చల్లారిపోయేదాకా మాట్లాడుకునేవారు.

ఇక పరిషత్తుకు తల కొట్టేసినంత పని జరిగిన సంగతి చెప్పాలి. వెనకటి అధ్యక్షుడు పేరున్న ఇంజనీరు. ఎవరికీ కనపడని కొంగ ఒకటి రిజర్వాయరు దగ్గర తనకు కనపడిందని వ్యాసం రాశాడు. పెద్దమనిషి మాట కదా, మారు అడక్కుండా అచ్చేశారు. తీరా చూస్తే ఆయన ఆ రోజు కారు దిగనేలేదు. కాపలావాడు చెప్పిన ఆనవాళ్ళు విని, పుస్తకం చూసి పేరు పెట్టేశాడు. సంగతి బయటపడ్డాక పక్క పరిషత్తులవాళ్ళు వీళ్ళ పత్రికను ఎగతాళి పట్టించారు. కొన్నాళ్ళపాటు వీళ్ళు పంపిన ఏ వార్తనూ ఎవరూ పట్టించుకోలేదు.

అప్పుడు టీచరమ్మ ఒక నియమం తెచ్చింది. ఇదివరకు ఆ ప్రాంతంలో ఎవరూ చూడని పిట్టను చూశామంటే, చూసినవాళ్ళు ఇద్దరుండాలి. ఇద్దరూ సభలో నిలబడాలి. అధ్యక్షుడు అడిగేది ఒకే ప్రశ్న: కళ్ళారా చూశారా? జవాబు ‘చూశాను’, లేదా ‘చూడలేదు’. ఆ రెంటిలో ఒకటి తప్ప ఇంకేం మాట్లాడినా రాసుకోరు. ఇదేమన్నా కోర్టా అని కొందరు సణిగారు. గొప్పవాళ్ళ మాటకు విలువ లేదా అని కొందరు మొహం ముడుచుకున్నారు. అందరికంటే ముందు చెయ్యెత్తినవాడు వాచీలాయన. భార్య వైపు చూసిన ఆ చూపులో గర్వం దాచుకోలేకపోయాడు.

ఆ తర్వాత కొన్నేళ్ళకు, చలి తగ్గుతున్న రోజుల్లో, ఇద్దరూ పొద్దున్నే ఉప్పుమళ్ళ దగ్గరికి వెళ్ళారు. మళ్ళు దాటితే బురదనేల, అది దాటితే సముద్రం. పోటు వెనక్కి తగ్గి బురద మెరుస్తోంది. ఉల్లంకి పిట్టలు గుంపుగా దిగి ముక్కులతో బురదను పొడుస్తున్నాయి. దూరాన్నించి చూస్తే అన్నీ ఒక్కలాగే ఉంటాయి, ఉల్లంకులతో వచ్చిన చిక్కే అది. టీచరమ్మ దుర్భిణికి తేమ పట్టింది. రుమాలు తీసి అద్దం తుడుచుకుంటోంది. పక్కన వాచీలాయన ఊపిరి ఆగినట్టయింది. “అదిగో, ఎడమ చివర. నుదురు చూడు, తెల్లగా,” అన్నాడు గొంతు దించి.

ఆవిడ ముందు చూసింది ఆయన వైపు. ఆ తర్వాత దుర్భిణి ఎత్తేసరికి ఎక్కణ్ణించో గద్ద నీడ పడింది, గుంపంతా లేచింది. ఆవిడ కళ్ళకు అందినవి రెక్కలూ, వీపులూ, చెదిరిపోతున్న తెలుపూ. అంతే.

తెల్లనుదురు ఉల్లంకి. ఆ తీరంలో ఎవరూ ఎప్పుడూ చూడనిది. తిరుగుదారిలో వాచీలాయన నోరు మూస్తే ఒట్టు. కంటి మీదుగా పోయిన నల్లగీత, పసుప్పచ్చ కాళ్ళు, ఓ కాలు ఎత్తి కాసేపు ఆలోచనలో పడ్డట్టు నిలబడ్డ తీరు, చెప్పిందే చెప్పాడు. “మనిద్దరం చూశాం, అదీ గొప్ప,” అన్నాడు. ‘నేను చూడలేదండీ’ అనే మాట ఆవిడ నాలుక చివరిదాకా వచ్చింది. కానీ మనిషి అంత ఆనందంగా ఉండటం ఆవిడ చాలా ఏళ్ళుగా చూడలేదు. ఇంటికెళ్ళాక చెబుదాంలే అనుకుంది.

ఇంటికెళ్ళేసరికి గుమ్మంలో ఆడపడుచు ఉంది. ఆయన కాళ్ళు కడుక్కోకుండానే చెల్లెలికి కథంతా చెప్పాడు. మర్నాడు కొట్టులో కొందరికి చెప్పాడు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అని ఆవిడ నాన్చుతూ పోయింది. బడిలో పిల్లలు పెన్సిలు పోయిందని అబద్ధమాడితే నిలదీసే మనిషి, సొంత ఇంట్లో నీళ్ళు నమిలింది. పిల్లలు లేని ఆ ఇంట్లో ఆ పిట్ట వచ్చి కూర్చున్నట్టుంది, లేపడానికి చేతులు రాలేదని ఆవిడే తర్వాత అనుకుంది. పిట్ట సంగతి అచ్చు వెయ్యమని పరిషత్తుకు పెట్టిన దరఖాస్తులో ఆయన రెండో సాక్షిగా భార్యను చూపించాడు. భార్యను సాక్షిగా పెట్టకూడదని ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. టీచరమ్మ మొగుడి కోసం మాట మారుస్తుందని కలలో కూడా ఎవరూ అనుకోరు మరి.

దారిలోనే చెప్పి ఉంటే ఏమయ్యేది? ఆయన ఆ సాయంత్రమే ఎవరినో ఒకరిని వెంటబెట్టుకుని మళ్ళీ వెళ్ళేవాడు. ఆ గుంపు మరికొన్ని రోజులు అక్కడక్కడే తిరిగిందని తర్వాత తెలిసింది. సభ జరిగేనాటికి ఉల్లంకులన్నీ ఉత్తరానికి వెళ్ళిపోయాయి.

సభలో అధ్యక్షుడు పళ్ళ డాక్టరు. మంచి మనిషి, పన్ను పీకేటప్పుడు కూడా క్షమాపణ చెప్పుకునే రకం. ముందు వాచీలాయనను నిలబెట్టి అడిగాడు. “చూశాను,” అన్నాడాయన. ఆ ఒక్క మాటా ఎంత హాయిగా అన్నాడో. డాక్టరు నవ్వుతూ టీచరమ్మ వైపు తిరిగాడు, ఇదంతా ఉత్త లాంఛనమే కదా అన్నట్టు.

“కళ్ళారా చూశారా, టీచరుగారూ?”

“చూడలేదు.”

వాచీలాయన తల తిప్పి భార్యను చూశాడు. ఆ మొహంలో కోపం లేదు. ఉన్నా బాగుండేది. ఆ సంగతి తనకూ ఇప్పుడే, అందరితో పాటే తెలిసిందన్న విస్తుపాటు మాత్రం ఉంది. డాక్టరు చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నాడు. దరఖాస్తు పక్కన పెట్టారు. కొందరు టీచరమ్మ నిజాయితీని మెచ్చుకుంటూ చప్పట్లు కూడా కొట్టారు. ఆ చప్పట్లు కొట్టినవాళ్ళ బుద్ధిని ఏమనాలో నాకు తెలియదు.

ఇంటికి నడుస్తూ ఆయన అన్నది కొంచెమే. “నువ్వూ చూశావనే అనుకున్నాను.” వీధి మలుపు తిరిగాక, “చూడందాన్ని చూశానంటావా, నీ తప్పేం లేదు. దారిలోనే చెప్పాల్సింది,” అన్నాడు. ఆవిడ ఏదో చెప్పబోతే, పోనీలే అన్నట్టు చెయ్యి ఊపాడు. ఆ తర్వాత ఆ ఊసు ఎత్తలేదు. పోట్లాడలేదు, అలగలేదు, అన్నం మానలేదు. తన దుర్భిణిని మాత్రం తలుపు వెనక మేకుకు తగిలించాడు. ఆవిడతో పాటు వస్తూనే ఉండేవాడు, ఫ్లాస్కు మోసుకుంటూ. పిట్ట కనపడితే ఆవిడ ఆత్రంగా చూశారా అని అడిగేది. “నువ్వు చూశావుగా, చాలు,” అనేవాడు. కసిగా అనలేదు, మామూలుగానే అన్నాడు. అందుకే అది ఆవిడకు కంట్లో నలుసై కూర్చుంది.

ఇలా ఏళ్ళు గడిచాయి. ఆయనకు గుండె జబ్బు వచ్చింది, ముదిరింది. ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని ఆవిడ ఎన్నిసార్లో ఆ సంగతి ఎత్తాలని చూసింది. ఆయన నిద్రలో ఉండేవాడు, లేదా నర్సు వచ్చేది, లేదా ధైర్యం చాలేది కాదు. ఓ మధ్యాహ్నం ఆయన వెళ్ళిపోయాడు. ఆసుపత్రి వరండాలో ఆడపడుచు ఏడ్చి ఏడ్చి, “ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోయేది వదినా? ఆ మాట కోసం మా అన్నయ్య లోలోపలే కుమిలిపోయాడు,” అంది. పరిషత్తువాళ్ళు సంతాపసభ పెట్టి ఆయన మంచితనం గురించి చాలాసేపు మాట్లాడారు. ఉల్లంకి మాట ఎవరూ ఎత్తలేదు. రుజువు కాని విషయం సభలో ఎత్తకూడదు, అది కూడా ఆవిడ తెచ్చిన పద్ధతే.

టీచరమ్మ ఉద్యోగం కూడా అయిపోయింది. ఉదయం ఒక గ్లాసు టీకి బదులు రెండు గ్లాసుల నీళ్ళు పొయ్యి మీద పెట్టి, గుర్తొచ్చి ఒకటి పారబోసేది. పరిషత్తుకు మాత్రం తప్పకుండా వెళ్ళేది, ఎప్పటి కుర్చీలోనే కూర్చునేది. పక్క కుర్చీలో చేతిసంచి పెట్టేది. ఆ కుర్చీ ఇమ్మని ఎవరూ అడగలేదు.

ఈ మధ్య పరిషత్తులో చేరిన ఇద్దరు కుర్రవాళ్ళు ఆ ఉప్పుమళ్ళ అవతలే ఒక పిట్టను ఫోటో తీసుకొచ్చారు. తెల్ల నుదురు, కంటి మీదుగా నల్లగీత, పసుప్పచ్చ కాళ్ళు. ఫోటోను పెద్దది చేసి గోడ మీద వేసి చూపించారు. అందరూ ఆహా అన్నారు. టీచరమ్మ ఆ బొమ్మ వైపు చూసి, కొంచెం మంచినీళ్ళు కావాలని అడిగి, మెట్లు దిగి వెళ్ళిపోయింది. వాచీలాయన ఏది చెప్పాడో అదే, ఆనవాళ్ళు పొల్లు పోకుండా. మెట్ల దగ్గర దర్జీ, ఏమ్మా ఒంట్లో బాగా లేదా అని అడిగాడు. బాగానే ఉందని చెప్పి ఆవిడ అక్కడే బల్ల మీద కూలబడింది.

ఆ వారంలోనే పళ్ళ డాక్టరు ఇంటికి వచ్చాడు. ముసలివాడైపోయాడు, ఇంకా అధ్యక్షుడే. వాచీలాయన దరఖాస్తు కొట్టేయలేదనీ, రెండో సాక్షి కోసం ఆపి ఉంచినట్టేననీ, ఇప్పుడు తిరిగి సభ ముందు పెట్టవచ్చనీ చెప్పాడు. కుర్రవాళ్ళతో మాట్లాడాననీ, ముందు చూసినవాడి పేరే ముందు ఉండాలని వాళ్ళే అన్నారనీ చెప్పాడు. పత్రికలో తెల్లనుదురు ఉల్లంకి అన్నచోట వాచీలాయన పేరు ఎప్పటికీ ఉండిపోతుంది. కావలసింది ఆవిడ నోట ఒక్క మాట.

“ఆయన చూశాడని ఇప్పుడు లోకానికంతటికీ తెలుసు. మీరు పక్కనే ఉన్నారు. రెక్కలు మాత్రం చూశానని తర్వాత ఓసారి నాతో అన్నారు కదా, ఆ రెక్కల్లో ఆ పిట్టవీ ఉన్నాయి. ఇది అబద్ధం ఎలా అవుతుందండీ?” అన్నాడు డాక్టరు. ఆయన కళ్ళల్లో నీళ్ళున్నాయి. ఆనాడు నవ్వుతూ ఆ ప్రశ్న అడిగినందుకు ఆయనా ఇన్నాళ్ళూ బాధపడుతున్నాడని ఆవిడకు అప్పుడే తెలిసింది.

మర్నాడు ఆడపడుచు వచ్చింది. ఈసారి దెప్పలేదు. వదిన చెయ్యి పట్టుకుని, “ఆ రోజు వరండాలో నోరు జారాను. మనసులో పెట్టుకోకు. కానీ అన్నయ్యకి ఇది చెయ్యి వదినా. ఆయన కోసం ఇక మనం చెయ్యగలిగింది ఇదొక్కటే ఉంది,” అంది. టీచరమ్మ సరే అంది. ఊరికే అనలేదు, నిజంగానే నిశ్చయించుకుంది. ఒక్క మాటతో ఆయనకు దక్కాల్సింది దక్కుతుందంటే, తన పట్టుదల ఎవరిని ఉద్ధరించడానికి? గిన్నెలు తోముతూ ‘చూశాను’ అనుకుంది. బట్టలు ఆరేస్తూ అనుకుంది. పైకి అని చూసింది కూడా. గొంతు మొదట పట్టేసింది, తర్వాత అలవాటు పడింది. అబద్ధానికి గొంతు ఇంత తొందరగా అలవాటు పడుతుందని ఆవిడకు తెలియదు.

సభనాటికి మేడగది కిక్కిరిసింది. ఆడపడుచు కూడా వచ్చి వెనక వరసలో కూర్చుంది. వాచీలాయన దరఖాస్తు చదివారు. ఆయన రాసిన ఆనవాళ్ళు వింటుంటే కుర్రవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. డాక్టరు ఈసారి నవ్వలేదు. టీచరమ్మ చేతిసంచి కుర్చీలో పెట్టి లేచి నిలబడింది.

“కళ్ళారా చూశారా, టీచరుగారూ?”

మాట నోటిదాకా వచ్చింది. అప్పుడు ఆవిడకు ఒక సంగతి తట్టింది. ఇప్పుడు చూశానంటే ఆనాటి ‘చూడలేదు’ అబద్ధమవుతుంది. ఆయన అంతమందిలో చిన్నబోయింది ఒక అబద్ధం వల్లనని అవుతుంది. చూడందాన్ని చూశానంటావా, నీ తప్పేం లేదని ఆయన తనకు మిగిల్చి వెళ్ళిన ఆ ఒక్క మాటకూ అర్థం లేకుండా పోతుంది. ఈ నియమానికి అందరికంటే ముందు లేచిన చెయ్యి ఆయనదే. ఆయన పేరు నిలబెట్టడానికి ఆ చేతినే కిందికి లాగాలి.

“చూడలేదు,” అంది టీచరమ్మ.

వెనక వరసలో ఆడపడుచు మొహం చేతుల్లో దాచుకుంది. డాక్టరు తల వంచుకున్నాడు. ఆవిడ మాత్రం కూర్చోలేదు. ఆ నియమం వచ్చాక ఆ ప్రశ్నకు ఎవరూ రెండో వాక్యం చెప్పలేదు. ఆ పని నియమం రాసిన మనిషే చేసింది.

“పిట్టను చూడలేదు. దాన్ని చూస్తున్న ఆయన్ని చూశాను. ఆయన చూశాడు, అది నాకు తెలుసు. చూడలేదని దారిలోనే ఆయనకి చెప్పి ఉంటే ఇంకో సాక్షిని తీసుకెళ్ళి ఉండేవాడు, ఈ పేరు అప్పుడే ఆయనకి దక్కేది. పరిషత్తు తప్పేం లేదు. తప్పు నాది.” పక్క కుర్చీ వైపు చూసింది. “ఆయన బతికుండగా చెప్పలేకపోయాను.”

డాక్టరు పక్కనున్న కార్యదర్శి కళ్ళు తుడుచుకుని కలం తీశాడు, ఇవన్నీ రాసుకుందామని. టీచరమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. మొదటి మాట ఒక్కటే రాయమంది. మిగతావి రాయడానికి నియమం ఒప్పుకోదు.

పత్రికలో కుర్రవాళ్ళ పేర్లే పడ్డాయి. వాళ్ళు మంచి పిల్లలు, పేర్లు చూసుకుని సంబరపడలేకపోయారు. ఆడపడుచు కొన్నాళ్ళు మాట్లాడలేదు. తర్వాత ఓ రోజు కూర గిన్నెతో వచ్చి, తిన్నావా వదినా అని అడిగింది. ఇద్దరూ కలిసి తిన్నారు. ఆ సంగతి మాత్రం ఎత్తలేదు.

చలి తగ్గే రోజులు మళ్ళీ వచ్చాయి. టీచరమ్మ తలుపు వెనక మేకు నుంచి ఆయన దుర్భిణి తీసి, దుమ్ము తుడిచి, మెడలో వేసుకుని ఉప్పుమళ్ళ దగ్గరికి వెళ్ళింది. ఆ వయసులో ఆ గట్ల మీద నడక మాటలు కాదు. పోటు తగ్గి ఉంది. ఉల్లంకులు బురద మీద తిరుగుతున్నాయి. ఓపిగ్గా ఒక్కో పిట్టనూ చూసుకుంటూ పోయింది. ఎండెక్కాక, గుంపుకు ఎడమ చివర, ఒకటి ఆగింది. నుదురు తెల్లగా ఉంది. ఓ కాలు ఎత్తి, ఆయన చెప్పినట్టే, ఏదో ఆలోచిస్తున్నట్టు నిలబడింది.

ఆవిడ దుర్భిణి దించలేదు. కళ్ళ నిండా నీళ్ళొచ్చి బొమ్మ చెదిరేదాకా చూసింది.

“చూశానండీ,” అంది.

ఆ మాట పరిషత్తుకు ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు. పక్కన రెండో సాక్షి లేడు.